వదిన నోట రాని మాట

మా వదిన కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, మా ఇంటి కింది వాటాలో ఉన్న ల్యాబ్‌లో వాటిలో ప్లాస్టర్ పోసి, ఆ దిమ్మ మీద మైనం పరిచి, మైనంలో ఒక్కో పన్నూ నిలబెడుతుంది. తర్వాత ఆ మైనం కరిగించేసి, దాని చోట చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ నింపి వేడినీళ్ళలో ఉడికించి గట్టిపరుస్తుంది. పళ్ళు పేర్చడం ఆవిడ పని, అరగదీసి మెరుగు పెట్టడం నా పని, స్కూటర్ మీద తీసుకెళ్ళి డాక్టర్లకి ఇచ్చి రావడం మా అన్నయ్య పని. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది నేను, తక్కువ మాట్లాడేది వదిన, ఎవరేం మాట్లాడినా వినిపించుకోనిది అన్నయ్య.

మా పనిలో పొద్దున తలుపు తీసింది మొదలు వినపడే మాట ఒకటే, సెట్టు. పై సెట్టు, కింది సెట్టు, ఫుల్ సెట్టు. ప్లాస్టర్ గట్టిపడితే సెట్టయిందంటాం. మైనంలో పళ్ళు నిలబెట్టడాన్ని సెట్టింగ్ అంటాం. కొత్త డాక్టరు పని ఇస్తానంటే సెట్ చేసుకొచ్చానంటాడు అన్నయ్య, ఇవ్వనంటే సెట్ కాలేదంటాడు. ఇంతమందిమి ఇన్ని రకాలుగా వాడే మాటని మా వదిన మాత్రం నోట పలకదు. పలువరస అంటుంది. డాక్టర్లతో ఫోన్లో కూడా, పై పలువరస రేపు పంపిస్తానండీ అంటుంది. అందుకే ఆస్పత్రుల్లో పనిచేసే అమ్మాయిలు ఆవిడకి పలువరసమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా అనరు గానీ అన్నా ఆవిడ ఏమీ అనుకోదు.

నేను పనిలో చేరిన కొత్తలో ఏడిపించేదాన్ని. వదినా, ఒక్కసారి సెట్టు అను, నీకు కొత్త చెప్పులు కొనిపెడతా అనేదాన్ని. నవ్వేది కాదు, కసిరేది కాదు, మైనం వైపు తిరిగిపోయేది. ఓ రోజు మరీ శ్రుతి మించి, ఆ మాట మీద నీకేమైనా పగా అన్నాను. చేతిలో కత్తి కింద పెట్టి, ఉంది అంది. ఎందుకో చెప్పింది. ఆవిడ చెప్పింది నాలుగు ముక్కలే, అవీ కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది. ఇక్కడ నేను రాస్తున్న దాంట్లో కోపమంతా నాది.

వదిన వాళ్ళ నాన్న ఒక స్కూల్లో అటెండరు. గదుల తాళాలు తీయడం, బెల్లు కొట్టడం, మాస్టర్లకి కాఫీ తెచ్చి ఇవ్వడం ఆయన పని. ఏదో జబ్బు చేసి చిన్న వయసులోనే పళ్ళన్నీ పోయాయి. ఏళ్ళ తరబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. చివరికి ఎలాగో ఒక సెట్టు కట్టించుకున్నాడు. అది వదులుగా ఉండేది, మాట్లాడితే టకటకమనేది, అయినా ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ కొన్నాళ్ళూ ఇంట్లో ఆయన గొంతే వినపడేదట. బెల్లు కొట్టి వస్తూ, పనేమీ లేకపోయినా ప్రతి క్లాసు గుమ్మంలో ఆగి పిల్లల్ని పలకరించి నవ్వి వెళ్ళేవాడట.

అదే స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయనంటే పడిచస్తారు. ఒక ఇంగ్లీషు మాట పట్టుకుంటే దాన్ని పిండి పిప్పి చేసేదాకా వదిలేవాడు కాదట. అప్పుడు ఆయన పట్టుకున్న మాట సెట్. దానికున్నన్ని అర్థాలు ఇంకే మాటకీ లేవు, ఇంటి దగ్గర వెతికి తలా ఒక అర్థం పట్టుకు రండి, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు అన్నాడట. ఒకడు సూర్యుడు అస్తమించడం చెప్పాడు. ఒకడు రేడియో సెట్టు అన్నాడు. ఒకమ్మాయి అమ్మ గాజుల సెట్టు అంది. వదిన వంతు వచ్చింది. క్లాసులో ఇంకెవరికీ తట్టనిది తనకి తట్టిందని పొంగిపోతూ లేచి నిలబడి, మా నాన్న పళ్ళ సెట్టు సార్ అంది.

సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్న మాస్టారి కాఫీ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ మాస్టారికి క్లాసు మధ్యలో కాఫీ పడకపోతే నోరు పెగలదు. ఆయన నవ్వుతూ, ఏమయ్యా, మీ అమ్మాయి నీ పేరు చెప్పి మార్కులు కొట్టేస్తోంది, చూపించకుండా మేమెలా నమ్మాలి, తీసి చూపించు అన్నాడు. అటెండరు మాస్టారి మాట కాదంటాడా? కూతురి వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, పళ్ళు తీశాడు. మాస్టారు సుద్దముక్కల డబ్బా మూత ముందుకు చాపి, దాంట్లో పెట్టించుకుని, బెంచీ బెంచీకీ తిప్పాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. కొందరు ముక్కు మూసుకున్నారు. ఆ మూత వదిన ముందుకి వచ్చేసరికి ఆగి, ఇదేమిటో గట్టిగా చెప్పమ్మా, అందరికీ వినపడాలి అన్నాడు. వదిన సెట్ అంది. ఇంకా గట్టిగా అన్నాడు. మళ్ళీ అంది. వాళ్ళ నాన్న పెదవులు లోపలికి పోయి, బోర్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

తిరిగి ఇచ్చేసరికి పళ్ళకి సుద్దపొడి అంటుకుని ఉంది. ఆయన చొక్కాకి తుడిచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పోయేదాకా వాటిని పెట్టుకోలేదు. మెత్తగా పిసికి పెట్టిందే తిన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. గుమ్మాల్లో ఆగడం మానేశాడు. కూతుర్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదంటుంది వదిన.

పెద్దయ్యాక ఆ మాస్టారి పళ్ళు రాలగొడతానని అప్పుడు ఒట్టు పెట్టుకుందట. కానీ ఆవిడ పెద్దయ్యేసరికి ఆయన పళ్ళు ఒక్కోటీ వాటంతటవే రాలడం మొదలుపెట్టాయి. కాలం చేసే పనికి మనం అడ్డం వెళ్ళలేం కదా. వదిన మాత్రం చదువు అవగానే పళ్ళ ల్యాబ్‌లో పనికి చేరింది. ఎందుకని అడిగితే చెప్పింది. వాళ్ళ నాన్న పళ్ళు అంత వదులుగా ఉండబట్టే తీయమనగానే చేతిలోకి వచ్చాయట. గట్టిగా పట్టుకుని ఉంటే రావండీ అని చెప్పి తప్పించుకునేవాడట. అందుకే మా వదిన కట్టిన పలువరస ఎవరి నోట్లోనైనా ఉడుం పట్టు పడుతుంది. డాక్టర్లు మెచ్చుకునేది దానికే, కారణం వాళ్ళకి తెలియదు.

మా ల్యాబ్‌కి సగం పని ఇచ్చే పెద్ద డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర్నుంచి ఓ రోజు అన్నయ్య ఒక నోటి అచ్చు తెచ్చాడు. సంచి మీద రాసిన పేరు వదిన రెండుసార్లు చదివింది. ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దిమ్మని బయటికి తీసి, ఆ బోసి చిగుళ్ళని బొటనవేలితో తడిమి, వచ్చాడు అంది. ఎవరని నేను అడగనవసరం లేకపోయింది. పళ్ళు నూరడం మా ల్యాబ్‌లో రోజువారీ కూలి పనే గానీ, ఆ రోజు నిజంగా నూరింది నేనే. కింది పళ్ళు కాస్త ఎత్తు పెట్టు వదినా, ముద్ద నమిలినప్పుడల్లా మీ నాన్న గుర్తుకు రావాలి అన్నాను.

“నా చేతి పని నేను చెడగొట్టుకోను” అంది వదిన.

నాకు నచ్చలేదు. క్షమించేస్తే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈవిడా ఆ బాపతేనా అనుకున్నాను. కానీ ఆ పళ్ళు పేరుస్తున్నంతసేపూ ఆవిడ ముఖం చూస్తే క్షమించే ముఖంలా లేదు. ఒక్కో పన్నునీ వేడి కత్తితో మైనంలో దించి, వేలితో నొక్కిపెట్టి, అది కదలనని మాట ఇచ్చేదాకా వదల్లేదు.

గట్టిపరిచే ముందు మైనం పళ్ళని ఒకసారి మనిషి నోట్లో పెట్టి చూస్తారు. చూడ్డానికి అచ్చం అసలువాటిలాగే ఉంటాయి, మార్పులేమన్నా ఉంటే అక్కడికక్కడే చేసుకోవచ్చని అలా చూస్తారు. మాటకి పరీక్ష స, శ అక్షరాలు. ముందు పళ్ళు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా స పలకాల్సిన చోట ఈల వస్తుంది. మాస్టారికి ఈల వచ్చింది. ఈయనతో నా వల్ల కావడం లేదు, మీరే వచ్చి చూసుకోండి అని డాక్టరు ఫోన్ చేశాడు. కత్తి, స్పిరిట్ దీపం సంచిలో వేసుకుని, నన్ను కూడా రమ్మని, వదిన బయల్దేరింది.

మాస్టారు కుర్చీలో మెడకి గుడ్డ కట్టుకుని వెల్లకిలా ఉన్నాడు. ముసలాయన, పలచగా, శుభ్రంగా, కళ్ళలో ఇంకా చిలిపితనం. వదినని గుర్తుపట్టలేదు. ఈల వేసే వయసు దాటిపోయాను అమ్మాయ్, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నాడు. వదిన పళ్ళు తీయించి, దీపం మీద కత్తి వేడిచేసి, ఒక ముందు పన్ను మైనాన్ని మెత్తబరిచి, రవ్వంత లోపలికి జరిపి, మళ్ళీ పెట్టింది. స వచ్చే మాట ఏదైనా అనండి సార్ అంది.

మాస్టారు “సెట్” అన్నాడు.

వదిన చేతిలో కత్తి ఆగింది. మళ్ళీ అనండి అంది. అన్నాడు. ఇంకాస్త జరిపింది. మళ్ళీ అనండి. ఈసారి ఈల పోయింది, మాట చక్కగా పలికింది. అయినా వదిన మళ్ళీ అనండి అంటూనే ఉంది. ఇంకా గట్టిగా అనండి, అవతలి గదికి వినపడాలి అంది. ఆయన ఉత్సాహంగా అంటూనే ఉన్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ నాకు మాత్రమే తెలుసు అక్కడేం జరుగుతోందో.

ఆ మాటే ఎందుకు ఎంచుకున్నాడో ఆయనే చెప్పాడు. మర్నాడు సాయంత్రం లైబ్రరీ హాల్లో పాత విద్యార్థులంతా కలిసి ఆయన ప్రసంగం ఏర్పాటు చేశారట. గంటసేపు ఒక్క మాట మీద మాట్లాడటం ఆయనకి పేరు తెచ్చిన విద్య. ఈసారి మాట సెట్. ఇక అద్దంలో నవ్వు చూసుకుని, ఈ పళ్ళు ఇవ్వనంటే ఇవ్వనని మొండికేశాడు. అది ఉత్త మైనం, గట్టిపరచాలంటే టైము పడుతుంది, ప్రసంగం వాయిదా వేసుకోండి అని డాక్టరు మొత్తుకున్నాడు. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, బోసినోటితో వెళ్ళమంటారా అన్నాడు ఆయన. చివరికి డాక్టరే దిగొచ్చాడు. ఆ ఒక్క సాయంత్రానికి పెట్టుకుని తర్వాత తిరిగి ఇచ్చేయమన్నాడు. ఈయనకి ఇప్పటికీ కాఫీల మీద కాఫీలు పడాలి అని నవ్వి, జాగ్రత్తలన్నీ మీరే చెప్పి పంపండి అని వదినకి అప్పజెప్పి ఇంకో గదిలోకి వెళ్ళిపోయాడు.

వదిన మైనం అంచులు నున్నగా చేసి తెస్తానని పళ్ళు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ వాటికి మెత్తటి రబ్బరు ముద్దతో ఒక అచ్చు తీసుకోవడం నేను చూశాను. అచ్చు ఉంటే అదే కొలతతో రెండోది చేయవచ్చు. బయటికి వచ్చి పళ్ళు ఆయన చేతికిచ్చి జాగ్రత్తలు చెప్పింది. ఏదీ కొరకొద్దు సార్, గట్టివి నమలొద్దు, రేపు సాయంత్రందాకా చల్లనీళ్ళలోనే ఉంచండి అంది. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. వేడివి తాగొద్దని. అది చెప్పలేదు. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ కత్తి తుడుచుకుంటోంది.

దారిలో అడిగాను, వేడి సంగతి చెప్పలేదేం వదినా అని. మరిచిపోయాను అంది. ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టామో లేదో బస్సెక్కాక కూడా గుర్తుచేసుకునే మనిషి, పనిలో ఒక్క విషయం మరిచిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి రాగానే ఆ అచ్చుతో రెండో వరస పని మొదలుపెట్టింది. పేర్చి, ప్లాస్టిక్ నింపి, ఉడికించి, మర్నాటికల్లా గట్టి పళ్ళు నా చేతిలో పెట్టింది. పగవాడి పళ్ళకి మెరుగు పెట్టే ఖర్మేమిటి నాకు అని గొణుగుతూనే మెరుగు పెట్టాను. వదిన వాటిని చిన్న డబ్బాలో పెట్టి చేతి సంచిలో వేసుకుంది. ఇవ్వడానికేనా అన్నాను.

“ముందు ఆయన్ని ఒక మాట అడగాలి. నాన్న గుర్తున్నాడా అని. గుర్తుండి, తప్పు చేశానన్న ముఖం పెట్టినా చాలు. మొదలవకముందే ఇవి ఇచ్చేసి, మైనంవి తీసేసుకుంటాను.”

“పెట్టకపోతే?”

వదిన సంచి జిప్పు లాగింది. “కాఫీ అలవాటు మానలేదట కదా” అంది.

ఆయన తప్పు ఒప్పుకోకూడదనే నేను కోరుకున్నాను. అలా కోరుకున్నందుకు నాకేమీ సిగ్గుగా లేదు.

హాలు నిండిపోయింది. తల నెరిసిన విద్యార్థులు, వాళ్ళ భార్యలు, భర్తలు, లైబ్రరీకి రోజూ పేపర్లు చదవడానికి వచ్చేవాళ్ళు. వేదిక మీద బల్ల, మైకు, పక్కన చిన్న స్టూలు మీద ఫ్లాస్కు, కప్పూ సాసరూ. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నాడు, అందరికీ పళ్ళు చూపిస్తున్నాడు. వదిన తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను.

పళ్ళెలా ఉన్నాయి సార్ అని అడిగింది. దివ్యంగా ఉన్నాయన్నాడు. అప్పుడు వదిన, మా నాన్న మీ స్కూల్లో అటెండరండీ, బెల్లు కొట్టేవాడు అంది. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. చూసి, ముఖమంతా వెలిగిపోయింది.

“పళ్ళ సెట్టాయన! నువ్వు ఆయన కూతురివా? భలేదానివే, నిన్ననే చెప్పొద్దూ! మీ నాన్నని నేను మరిచిపోతానా? ఈ ప్రసంగం ఎక్కడ చేసినా ఆయన గురించి చెప్పకుండా ఉండను. ఇవాళా చెప్తాను. ముందు వరుసలో కూర్చో, కూర్చో.”

వదిన సంచి జిప్పు తీయకుండానే వెనుదిరిగింది. ముందు వరుసలో కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టింది.  

ప్రసంగం మొదలైంది. బాగా చెప్పాడు, కాదనను. గిట్టనివాడు బాగా మాట్లాడితే ఒళ్ళు రెండింతలు మండుతుంది. సెట్ అనేది ఒక మాట కాదు, కలిసిపోయిన రెండు మాటలు అన్నాడు. ఒకటి పాత ఇంగ్లీషులో పుట్టింది, కూర్చోవడం అనే మాటకి తోబుట్టువు, కూర్చోబెట్టడం దాని అసలు అర్థం. విరిగిన ఎముకని దాని చోట కూర్చోబెడతారు, ఉంగరంలో రాయి కూర్చోబెడతారు, గడియారం ముల్లు సరైన చోట నిలుపుతారు, ఎలుకకి బోను పెడతారు, అన్నిటికీ అదే మాట. సూర్యుడు కూడా పగలంతా తిరిగి చివరికి చతికిలబడతాడు అన్నాడు. జనం నవ్వారు. రంపం పళ్ళని ఒకటి ఇటు, ఒకటి అటు వంచడాన్ని కూడా సెట్ అనే అంటారట. ఆ వంపు లేకపోతే రంపం చెక్కలో ఇరుక్కుపోతుందట.

రెండో మాటది వేరే పుట్టుక. అది లాటిన్‌లో వెంట నడవడం అనే మాట నుంచి పుట్టి, ఫ్రెంచివాళ్ళ నోట నలిగి వచ్చింది. ఒకరి వెంట నడిచే గుంపు అని దాని అర్థం. ఒకే రకం వస్తువుల జట్టుని, టీ కప్పుల్ని, పుస్తకాల్ని సెట్టు అనడం దీన్నుంచి వచ్చింది. రాతలో ఒకేలా ఉండటంతో రెంటికీ ఒకే ఇంటిపేరు పడి, ఎవరి పిల్లలు ఎవరో తెలియకుండా కలిసిపోయాయి అన్నాడు. వెంట నడిచేది అన్నప్పుడు వదిన తల ఎత్తి చూసింది.

ఇక ఆ జట్ల సంగతి చెబుతూ, మా స్కూల్లో ఒక అటెండరు ఉండేవాడు అని మొదలుపెట్టాడు. అంతా చెప్పాడు. గొంతు మార్చి, పెదవులు లోపలికి లాక్కుని ఆయనలా నడిచి చూపించాడు. సుద్దముక్కల మూత ఎలా తిప్పాడో ఖాళీ చేతులతో అభినయించాడు. హాలు ఘొల్లుమంది. ఏళ్ళుగా చెప్పి చెప్పి అరగదీసిన జోకు, ఎక్కడ ఆగితే ఎంత నవ్వు వస్తుందో ఆయనకి తెలుసు. చివర్లో, ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది ఎవరనుకున్నారు, ఆయనే, అంత సరదా మనిషి అన్నాడు. వాళ్ళమ్మాయి ఇక్కడే ఉందని వదిన వైపు చెయ్యి చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బాధతో కాదు, కోపంతో. వదిన లేచింది. చప్పట్లకి లేచిందనుకున్నారు అందరూ. సంచి కుర్చీలో పెట్టి, వేదిక ఎక్కి, స్టూలు మీది ఫ్లాస్కు మూత తిప్పి, కప్పు నిండా కాఫీ పోసి, రెండు చేతులతో ఆయనకి అందించింది. పొగలు కక్కుతోంది. అటెండరు కూతురు కదా, అలవాటు అన్నాడు ఆయన మైకులో ప్రేమగా. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన ఒక పెద్ద గుక్క తీసుకుని, రుచి చూసేవాళ్ళలా నోట్లో కాసేపు నిలుపుకుని మింగాడు. ఇంకో గుక్క తాగాడు. వదిన వచ్చి కూర్చుని, సంచి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

ఆ తర్వాత ఆయన ఏదో వాక్యం మొదలుపెట్టాడు. మధ్యలో సెట్ అనే మాట వచ్చింది. నాలుక ముందు పళ్ళని తాకిందో లేదో, రెండు పళ్ళు తలుపు తెరుచుకున్నట్టు బయటికి వాలాయి. ఆయన ఉలిక్కిపడి నోరు మూసుకోబోయాడు. మూయడంతో మెత్తబడ్డ మైనం జారి, ఒక పన్ను బల్ల మీద పడింది. మైకు దగ్గరే పడటంతో ఆ చప్పుడు హాలంతా వినపడింది. నోటి దగ్గర చెయ్యి పెట్టుకుంటే చేతిలోకి ఇంకొన్ని వచ్చాయి, గులాబి రంగు మైనం తీగలు సాగుతూ. చేసేదేమీ లేక మిగిలినదంతా తీసి బల్ల మీద పెట్టాడు. పెదవులు లోపలికి పోయాయి. మొట్టమొదట వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆపైన ఎవరికీ ఆగలేదు.

వదిన అప్పుడు సంచి తెరిచింది. వేదిక మీదికి వెళ్ళి ఆయన కప్పు కింది సాసరు తీసుకుని, డబ్బాలోంచి గట్టి పళ్ళు తీసి దాంట్లో పెట్టింది. ఆయనకి ఇవ్వలేదు. సాసరు పట్టుకుని కిందికి దిగి, ముందు వరుసలో ఆ చివర నుంచి ఈ చివరిదాకా, ఒక్కో కుర్చీ ముందూ ఆగుతూ నడిచింది. అందరూ చూశారు. నవ్వు తగ్గుతూ వచ్చి, ఆవిడ వరుస చివరికి చేరేసరికి పూర్తిగా పోయింది. మాస్టారు వేదిక మీద నుంచి ఆ సాసరునే చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడో అప్పుడు ఆయనకి అర్థమైంది. ఆ ముఖం నేను చూశాను.

తిరిగి ఎక్కి సాసరు ఆయన ముందు పెట్టింది.

“సార్, మీ సెట్టు” అంది.

నా ఎరుకలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. మైకు దగ్గర ఉండటంతో వెనక వరుసలకి కూడా వినపడింది. ఇంకో మాట కూడా అంది, మామూలు గొంతుతోనే.

“మా నాన్న ఆ రోజు నవ్వలేదండీ.”

ఆయన అందరి ఎదుటా ఆ పళ్ళు తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో దారి లేదు. అవి సరిగ్గా కూర్చున్నాయి. ఏదో అనడానికి నోరు తెరిచాడు. స అన్నాడు. స శుభ్రంగా పలికింది, ఈల లేదు. ఆ తర్వాత అక్షరం రాలేదు. సారీ అనబోయాడో, అలవాటు కొద్దీ సెట్ అనబోయాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. మేము బయటికి వచ్చేశాం.

బస్‌లో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సంతోషంగా ఉందా అని అడిగాను. ఉందంది. చాలా ఉందంది. ఆయన చెప్పిన ఆ రెండో అర్థం నిజమే, ఇన్నాళ్ళూ నా వెంటే నడిచింది అంది. ఇంకాస్త దూరం పోయాక, నాన్నకి చూపించాల్సింది అని ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేశాను.

మర్నాడు పెద్ద డాక్టరు ఫోన్ చేసి నిప్పులు చెరిగాడు. వేడి సంగతి చెప్పడం మరిచిపోయానండీ అని వదిన నెమ్మదిగా చెప్పింది. ఆయన మాకు పని పంపడం ఆపేశాడు. అన్నయ్య స్కూటర్ వేసుకుని కొత్త డాక్టర్ల కోసం తిరుగుతున్నాడు. మొట్టమొదటిసారి ఇంట్లో ఏం జరిగిందో పూర్తిగా విన్నాడు, విని, ఒకటి రెండు సెట్ చేస్తాలే అన్నాడు. చాలామంది నాతో అన్నారు, ముసలాయన్ని అంతలా అవమానించాల్సింది కాదని. మీ నాన్న పళ్ళు మూతలో పెట్టి తిప్పాక వచ్చి చెప్పండి అన్నాను.

ఇప్పుడు వదిన సెట్టు అనే అంటోంది. పై సెట్టు, కింది సెట్టు, రేపు పంపిస్తానండీ అని అందరిలాగే. పలువరసమ్మ అన్న పేరు మాత్రం పోలేదు.

కొత్త పళ్ళు ఎంత బాగా చేసినా మొదట్లో ఎక్కడో ఒకచోట చిగుళ్ళకి గుచ్చుకుంటాయి. అందరూ తిరిగి వస్తారు, ఆ చోటు రవ్వంత అరగదీస్తే హాయిగా ఉంటుంది. మాస్టారు రాలేదు. ఇంకెవరి చేతా చేయించుకోలేదట, పాత విద్యార్థి ఒకాయన చెప్పాడు. ఆ ప్రసంగం మళ్ళీ చేయలేదట, తినేటప్పుడు మాత్రం ఒక వైపే నములుతున్నాడట. వస్తే చేస్తావా వదినా అని అడిగాను.

“వస్తే ఎందుకు చేయను, అది నా పని” అంది మైనంలో పన్ను దించుతూ. “రానంతవరకూ గుచ్చుకోనీ.”